హద్దు రాయి ఒకచోట, డాక్యుమెంట్ కొలత ఇంకోచోట: హైదరాబాద్‌లో భూమి సర్వేపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్నవాళ్లు, పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టుకునేవాళ్లు, తాతల నాటి పొలం పంచుకునే అన్నదమ్ములు, అందరికీ ఏదో ఒక రోజు ఈ సమస్య ఎదురవుతుంది. మోకా మీద, అంటే స్థలం దగ్గర ఉన్న రాయికీ చేతిలో ఉన్న కాగితానికీ పొత్తు కుదరదు. సర్వే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నలు నాకు రోజూ వస్తాయి. ఇక్కడ రాసింది సర్వే వైపు నుంచి తెలిసిన సంగతులు. కేసు దాకా వెళ్లిన విషయమైతే మీ పత్రాలన్నీ చూసిన లాయర్ చెప్పిందే వినండి.

రాయి ఒకచోట ఉంది, డాక్యుమెంట్ ప్రకారం కొలిస్తే హద్దు ఇంకోచోట పడుతోంది. ఏది నమ్మాలి?

ముందు ఆ రాయి ఎవరు పాతారు, ఎప్పుడు పాతారు, ఎందుకు పాతారు అన్నది తేల్చాలి. అది తేలకుండా ఏదీ నమ్మకూడదు.

ప్రభుత్వ సర్వేలో పాతిన రాయి, మొదట వేసిన చోటనే కదలకుండా ఉంటే దానికి చాలా బలం ఉంటుంది. కాగితంలో ఉన్న కొలత ఆ రాళ్ల మధ్య పట్టి రాసుకున్నదే. రాసుకునేటప్పుడు తప్పు జరిగి ఉండొచ్చు, కొలిచే గొలుసు సాగి ఉండొచ్చు, కానీ అప్పట్లో అందరి సమక్షంలో హద్దుగా ఒప్పుకున్న చోటు ఆ రాయి ఉన్న చోటే. కాబట్టి అలాంటి రాయి దొరికినప్పుడు కొలతే సర్దుకోవాలి.

లేఅవుట్ వేసినవాళ్లు పాతించిన రాళ్లది వేరే సంగతి. ఆమోదం పొందిన లేఅవుట్ అయి, ప్లాన్‌లోని రోడ్లతో, పార్కు స్థలంతో ఆ రాళ్లు సరిపోతే వాటికీ విలువ ఉంటుంది. సరిపోకపోతే ప్లాన్ దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే. ఇక పక్క ప్లాటాయన తన కడీలు (కంచె రాతి స్తంభాలు) పాతుకుంటూ మూలన ఒక రాయి నిలబెట్టి పోయాడనుకోండి, అది ఆయన అనుకున్న హద్దు మాత్రమే. దాన్ని చూసి మీరు ఒప్పుకోనక్కర్లేదు, కంగారు పడి పీకేయనూ కూడదు.

పత్రాల్లో ఒకదానికొకటి పొసగనప్పుడు సర్వేయర్లూ కోర్టులూ మామూలుగా పాటించే వరుస ఒకటుంది. కదలని గుర్తులకు మొదటి స్థానం: వాగు, బండ, పాత బాట, అసలు సర్వే రాయి. ఆ తర్వాత నాలుగు దిక్కులా ఎవరి భూమి ఉందని రాసిన చెక్కుబందీ. ఆ తర్వాత అడుగుల్లో రాసిన పొడవు, వెడల్పులు. విస్తీర్ణం అన్నిటికంటే ఆఖరు. చాలామంది దీన్ని తలకిందులుగా పట్టుకుంటారు. ‘నాకు 200 గజాలు రావాలి, ఎక్కడినుంచైనా తీసివ్వండి’ అంటారు. పక్కవాళ్ల హద్దు తేలకుండా ఆ గజాలు ఎక్కడినుంచీ రావు.

అసలు ఇంత తేడా ఎందుకు వస్తుంది? ఎవరో ఒకరు కబ్జా చేస్తేనే కదా?

కబ్జాలు ఉన్నాయి, కాదనను. కానీ నేను చూసే గొడవల్లో చాలావాటికి మూలం కబ్జా కాదు, కొలత.

తెలంగాణ ఊళ్ల సర్వే నిజాం పాలనలో జరిగింది. అప్పుడు వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. దాన్ని 16 ఆనాలుగా విడగొట్టారు. అంటే ఒక ఆనా 2 అడుగుల ముప్పావు అంగుళం. పొడవు ఒక గొలుసు, వెడల్పు ఒక గొలుసు ఉన్న ముక్క 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. అదే మనం ఇప్పటికీ లెక్కపెట్టే గుంట. 40 గుంటలు కలిస్తే 4,840 గజాల ఎకరం. ఒక్కో సర్వే నంబరుకు టిపన్ అని చేతిపటం గీశారు. పొలం మీదుగా ఒక ఆధార గీత పట్టుకుని, దాని నుంచి మూలమూలకూ ఎన్ని గొలుసులు, ఎన్ని ఆనాలు ఉన్నాయో అందులో రాశారు. శిస్తు కట్టించుకోవడానికి ఆ లెక్క చక్కగా సరిపోయింది. కానీ రెండడుగుల కొలమానంతో రాసిన పటం నుంచి ఇవాళ అంగుళాల లెక్కలో హద్దు చూపించమంటే అందులో ఆ సమాచారం ఉండదు. అర ఆనా అటూ ఇటూ అయితే ఒక అడుగు పోతుంది. గజం వేలూ లక్షలూ పలికే కోకాపేటలోనో ఉప్పల్‌లోనో ఆ అడుగు కోసం రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తాయి.

రెండో కారణం నేల. మన దగ్గర బండలు, గుట్టలు, ఏటవాలు ఎక్కువ. 100 అడుగుల టేపును వాలు మీద నేలకు ఆనించి పట్టారనుకోండి. ఆ దూరంలో నేల 10 అడుగులు లేస్తే సమతలంగా ఉన్న అసలు దూరం 99.5 అడుగులే. సర్వే లెక్క ఎప్పుడూ సమతలంగానే ఉంటుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి చోట్ల పాత ప్లాట్లను కొలిచినప్పుడు ఈ తేడా అడుగడుగునా కనబడుతుంది.

మూడోది, కాగితాల మీద పెరిగిన భూమి. సర్వే నంబరు అసలు విస్తీర్ణం సేత్వార్ అనే పాత సర్వే రికార్డులో ఉంటుంది. తర్వాత అమ్మకాలూ పంపకాలూ జరిగి బై నంబర్లు (ఒకే సర్వే నంబరులో విడగొట్టిన ముక్కల నంబర్లు) పడ్డాయి, పహాణీల్లో, పాస్‌బుక్కుల్లో ఎక్కాయి. వాటన్నిటినీ కూడితే అసలు నంబరు కంటే ఎక్కువ వచ్చే సందర్భాలు తక్కువేమీ కాదు. కాగితం మీద 5 ఎకరాల 10 గుంటలు, మోకా మీద 5 ఎకరాలే. ఆ 10 గుంటలకు ఇద్దరి దగ్గర రిజిస్టర్డ్ డాక్యుమెంట్ ఉంటుంది. ఏ మెషీన్ తెచ్చి కొలిచినా లేని భూమి పుట్టదు.

ఇవి కాక జేసీబీతో చదును చేసేటప్పుడు ఎగిరిపోయిన రాళ్లు, రోడ్డు వెడల్పులో కలిసిపోయిన మూలలు, గట్టును ఏటా ఒక చాలు లోపలికి దున్నుకుంటూ పోవడం, ఇవన్నీ తెలిసినవే.

సర్వేయర్ వచ్చి మోకా మీద ఏం చేస్తాడు?

మంచి సర్వేయర్ మీ ప్లాటు మూల దగ్గర మొదలుపెట్టడు. దూరంగా మొదలుపెడతాడు. ‘నా స్థలం ఇక్కడుంటే ఆయన అక్కడెక్కడో తిరుగుతున్నాడేంటి’ అని జనం చిరాకు పడతారు. సగం పని అక్కడే జరుగుతుంది.

గొడవ ఉన్న రాయిని ఆధారం చేసుకుని కొలిస్తే జవాబు కూడా గొడవలోనే ఉంటుంది. అందుకే ఎవరికీ అభ్యంతరం లేని గుర్తులు కావాలి. గ్రామ నక్షాలో, అంటే ఊరి పటంలో కనిపించే మూడు ఊళ్ల పొలిమేర కలిసే రాయి, పాత బావి, చెరువు కట్ట తూము, బండల బాట, పక్క సర్వే నంబర్ల రాళ్లు, వీటిలో దొరికినన్ని వెతుకుతాం. కనీసం మూడైనా దొరికితే వాటి మధ్య దూరాలు నక్షాతో, టిపన్‌తో సరిపోతున్నాయో లేదో చూస్తాం. రెండు సరిపోయి ఒకటి సరిపోకపోతే ఆ ఒక్కటి కదిలిందని అనుమానం. ఏదీ సరిపోకపోతే ఇంకా దూరం వెళ్లాలి.

ఆధారాలు కుదిరాక టోటల్ స్టేషన్‌తోనో (కోణాలూ దూరాలూ కొలిచే మెషీన్), డీజీపీఎస్‌తోనో (శాటిలైట్లతో చోటు పట్టే మెషీన్) ఇప్పుడున్న గోడలు, కడీలు, రోడ్డు అంచులు, కరెంటు స్తంభాలు, దొరికిన రాళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు పట్టుకుంటాం. దానిమీద పాత పటాన్ని పరిచి చూస్తే తేడా ఎక్కడుందో, ఎటు జరిగిందో కనిపిస్తుంది. హద్దు గీత గీయడం ఆ తర్వాతే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మెషీన్ ఎంత ఖరీదైనదైనా పాత రాయి దొరకకపోతే దాని ఖచ్చితత్వం మీకు ఉపయోగపడదు. సర్వే ఆఫ్ ఇండియా వారి కార్స్ నెట్‌వర్క్‌తో (ఒకేచోట ఉండి ఎప్పుడూ పనిచేసే శాటిలైట్ స్టేషన్లు) కలిపి పనిచేసే డీజీపీఎస్ మీరు నిలబడ్డ చోటును సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది. కానీ టిపన్‌లో అక్షాంశాలూ రేఖాంశాలూ లేవు, గొలుసులూ ఆనాలే ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపేది మట్టిలో మిగిలిన ఆ పాత రాళ్లే. ‘మేం శాటిలైట్‌తో కొలిచాం, ఇక తిరుగులేదు’ అని ఎవరైనా అంటే ఏ రాళ్ల నుంచి కొలిచారో అడగండి.

రాయి అసలైనదా, తర్వాత పాతిందా అని ఎలా తెలుసుకుంటారు?

తవ్వి చూస్తాం. ఇద్దరు పొరుగువాళ్లనూ పిలిచి, వాళ్ల ముందే, ఒక పక్క నుంచి మెల్లగా మట్టి తీస్తాం. మొత్తం పెకలించం.

ఎప్పటినుంచో ఉన్న రాయి చుట్టూ మట్టి గట్టిపడి రాయిని పట్టేసుకుని ఉంటుంది. మొరం పొరలు పక్కన ఎలా ఉన్నాయో రాయి దాకా అలాగే వస్తాయి. పైకి జానెడు కనిపించినా లోపల చాలా లోతుంటుంది. గాలికీ వానకీ తగిలిన పైభాగం రంగు ఒకటి, మట్టిలో ఉన్న భాగం రంగు ఒకటి, ఆ రెండింటి మధ్య గీత ఇప్పటి నేల మట్టానికి దగ్గరగా ఉంటుంది. కొన్నింటి మీద ఉలితో కొట్టిన గుర్తు ఉంటుంది.

ఈమధ్య పాతిన రాయి చుట్టూ మట్టి కలగలుపుగా ఉంటుంది: నల్లమట్టి, మొరం, కంకర, సిమెంటు పెళ్లలు. వేళ్లతో తీస్తే ఊడివస్తుంది. పాత రాయినే పీకి ఇంకోచోట పెట్టినా రంగు గీత ఇప్పటి నేలతో కలవదు. రాయి అడుగున ప్లాస్టిక్ కవర్ ముక్క దొరికిందంటే దాని వయసు మీద వాదన అక్కడితో ఆగిపోతుంది.

రాయే లేకపోతే అది ఉండాల్సిన చోట గుంత ఆనవాలు వెతుకుతాం. చుట్టుపక్కల పెద్దవాళ్లను అడుగుతాం. ‘మా నాయన ఇక్కడిదాకా నాగలి పట్టేవాడు’ అని ఇటు పక్క పెద్దాయన, అటు పక్క పెద్దాయన ఒకే చోటు చూపిస్తే ఆ మాటకు విలువ ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు చెప్పినదానికి అంత విలువ ఉండదు. ఏదైనా సరే ఫోటోలు తీసి, పంచనామా రాసి, సంతకాలు తీసుకోవాలి.

డాక్యుమెంట్‌లో 200 గజాలని ఉంది. కొలిస్తే 188 గజాలే వచ్చింది. మిగతా 12 గజాలు పక్కవాళ్ల దగ్గర ఉన్నట్టేనా?

అలా అనుకోవడానికి లేదు. మీ సేల్ డీడ్‌లో తూర్పున ఫలానా ప్లాటు, పడమర ఫలానా ప్లాటు, ఉత్తరాన 30 అడుగుల రోడ్డు అని హద్దులు ఉంటాయి. ఆ హద్దుల మధ్య దొరికింది 188 గజాలే అయితే, మామూలుగా మీకు వచ్చేది ఆ 188 గజాలే. హద్దులకూ విస్తీర్ణానికీ పొత్తు కుదరనప్పుడు హద్దులదే పైచేయి అని సుప్రీంకోర్టు సహా కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అన్ని కేసుల్లోనూ యాంత్రికంగా అలాగే జరగదు, డాక్యుమెంట్‌లో రాసిన తీరును బట్టి ఉంటుంది. కానీ మొదలుపెట్టాల్సింది అక్కడినుంచి.

పక్కవాళ్లను కూడా కొలవండి. వాళ్ల 200 గజాలు 212 అయి, రోడ్డు వెడల్పు సరిగ్గా ఉంటే మీ అనుమానానికి బలం వచ్చినట్టు. వాళ్లకూ 188 గజాలే ఉంటే తప్పు లేఅవుట్‌లో ఉంది. మీ కొట్లాట అప్పుడు వాళ్లతో కాదు, మీకు అమ్మినవాళ్లతో.

మా వరుసలో అందరికీ సరిపోయింది, చివరి ప్లాటు మాకే తగ్గింది. ఇదెక్కడి న్యాయం?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ల తప్పేమీ ఉండదు. బోడుప్పల్, పీర్జాదిగూడ, బడంగ్‌పేట్, తుర్కయంజాల్ వైపు పాత గ్రామపంచాయతీ లేఅవుట్లలో ఇది తరచుగా జరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. రెండు అడ్డ రోడ్ల మధ్య 10 ప్లాట్లు, ఒక్కోటి 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ప్లాన్ మీద మొత్తం 300 అడుగులు. మోకా మీద ఉన్నది 297. మొదట కట్టినాయన రోడ్డు మూల నుంచి 30 అడుగులు కొలుచుకుని గోడ లేపాడు. రెండో ఆయన ఆ గోడ నుంచి 30 అడుగులు. అలా తొమ్మిది మంది అయ్యేసరికి 270 అడుగులు పోయి, చివరాయనకు 27 అడుగులు మిగిలాయి. 27 ఇంటు 60 అంటే 180 గజాలు. ఎవరూ మోసం చేయకపోయినా ఒక్కరికే 20 గజాలు పోయాయి.

ఇక్కడ సర్వేయర్ ముందు రెండు చివర్లా రోడ్లను కొలవాలి. ప్లాన్‌లో 30 అడుగులున్న రోడ్డు మోకా మీద 33 అడుగులుంటే పోయిన 3 అడుగులు రోడ్డులో ఉన్నాయి. అప్పుడు లేఅవుట్ ప్లాన్ పట్టుకుని మున్సిపాలిటీతో మాట్లాడే దారి ఉంది. లేదా మొదటి మూలాయన మెట్లో, ర్యాంపో రోడ్డు మీదికి వేసుకుని, గోడ మాత్రం లోపలికి జరిపి మొదలుపెట్టి ఉండొచ్చు. రోడ్లు సరిగ్గానే ఉంటే లేఅవుట్ వేసిన రోజునే భూమి తక్కువ. న్యాయంగా అయితే ఆ 3 అడుగులు పదిమందీ పంచుకుంటే మనిషికి మూడున్నర అంగుళాల పైచిలుకు పోతుంది, ఎవరికీ నొప్పి ఉండదు. కానీ ఇళ్లు లేచాక గోడలు జరపమని చెప్పే అధికారం సర్వేయర్‌కు లేదు. ఉన్నది ఉన్నట్టు రాసివ్వగలడు, అంతే. అందుకే ఖాళీ ప్లాట్లున్న కాలనీల సంఘాలకు నేను ఒకటే చెబుతాను: మొదటి ఇల్లు లేవకముందే వరుస మొత్తాన్ని ఒకేసారి కొలిపించుకోండి. ఖర్చు పదిమంది మీదా పడుతుంది, గొడవ ఎవరి మీదా పడదు.

పక్కింటివాళ్ల గోడ మా స్థలంలోకి అడుగు వచ్చిందని సర్వేలో తేలింది. ఇప్పుడేం చేయాలి?

ముందు మాట్లాడండి. రిపోర్టు కాపీ ఒకటి వాళ్లకివ్వండి. నమ్మకం లేకపోతే వాళ్లకు ఇష్టమైన సర్వేయర్‌తో కొలిపించుకోమనండి. ఇద్దరు సర్వేయర్లూ ఒకే రాళ్ల నుంచి కొలిస్తే జవాబులు దగ్గరదగ్గరగానే వస్తాయి. రాకపోతే ఎవరు ఏ రాయిని ఆధారం చేసుకున్నారో ఇద్దరినీ కూర్చోబెట్టి అడగండి. చాలా గొడవలు అక్కడే సగానికి తగ్గుతాయి.

కుదరకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పనులు ఇంకా జరుగుతుంటే కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకోవచ్చు. గోడ పూర్తయ్యాక ఆపడం కంటే పునాది తీస్తుండగా ఆపడం ఎన్నో రెట్లు తేలిక. టైటిల్ మీద ఆధారపడి స్వాధీనం కోసం వేసే దావాకు 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం 12 ఏళ్ల గడువు ఉంది. మీకు తెలిసీ ఊరుకుని, వాళ్లు బహిరంగంగా, తమదేనంటూ అన్నేళ్లు అనుభవిస్తే అడ్వర్స్ పొసెషన్, అంటే ఆ అనుభవం వల్లే తమకు హక్కు వచ్చిందని వాదించే వీలు వాళ్లకు కలుగుతుంది. ప్రభుత్వ భూమి విషయంలో ఆ గడువు 30 ఏళ్లు.

ఆ భూమి నాదేనని సర్వేయర్ రాసిస్తే సరిపోదా?

సరిపోదు. సర్వేయర్ చెప్పగలిగింది ఫలానా పత్రం ప్రకారం హద్దు ఎక్కడ పడుతుంది, మోకా మీద ఏముంది అన్నంతవరకే. హక్కు ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు. కేసు నడిచేటప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూల్ కింద కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను వేసి, సర్వేయర్ సాయంతో స్థలాన్ని కొలిపించగలదు. కమిషనర్ వచ్చిన రోజు మీరు తప్పకుండా అక్కడ ఉండండి. ఏ రాయి నుంచి కొలత మొదలైందో రాయించండి. అభ్యంతరం ఉంటే ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి.

మండల సర్వేయర్‌ని పిలవాలా, ప్రైవేట్ సర్వేయర్ చాలా?

పని ఏమిటన్నదాన్ని బట్టి. ఇల్లు కట్టుకోవడానికి, కొనేముందు సరిచూసుకోవడానికి ప్రైవేట్ సర్వేయర్ చాలు. సర్వే నంబరు హద్దులు అధికారికంగా చూపించాలంటే మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకోవాలి. మండల సర్వేయర్ చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసులిచ్చి, వాళ్ల సమక్షంలో కొలిచి, పంచనామా రాస్తారు. ఆ నోటీసులే ఎఫ్-లైన్‌కు ప్రాణం. పక్కవాళ్లకు నోటీసు అందకుండా జరిగిన సర్వే తర్వాత ఎక్కడా నిలబడదు. దాని ఫలితం మీద అభ్యంతరం ఉంటే పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టర్, జిల్లా స్థాయిలో సర్వే అండ్ ల్యాండ్ రికార్డ్స్ అసిస్టెంట్ డైరెక్టర్ ఉంటారు.

నగరం లోపలి పాత ప్రాంతాలకు టౌన్ సర్వే రికార్డు ఉంటుంది. అక్కడ వార్డు, బ్లాకు, టీఎస్ నంబరుతో వెతకాలి. పాత రెవెన్యూ సర్వే నంబరు ఒక్కటే పట్టుకుని వెళితే పని జరగదు.

వ్యవసాయ భూములకు భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ సమయంలో సర్వే మ్యాపు జతచేయాలన్న నిబంధన భూభారతి చట్టంలో పెట్టారు, దాని కోసం లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. నాకు ఇది ఎంతో అవసరమైన మార్పు అనిపిస్తుంది. పాస్‌బుక్‌లో ఎకరాలు గుంటలు రాసి, అవి ఎక్కడున్నాయో పటం లేకుండా ఇన్నేళ్లూ అమ్ముకుంటూ కొనుక్కుంటూ వచ్చాం.

ఫోన్‌లో జీపీఎస్ యాప్‌తో, గూగుల్ మ్యాప్‌తో హద్దు చూసుకోవచ్చా?

దారి వెతుక్కోవడానికి వాడండి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. 30 అడుగుల ప్లాటులో అది సగం ప్లాటు కావచ్చు.

రాయి తప్పు చోట ఉందని నాకు ఖాయంగా తెలుసు. తీసి సరైన చోట పెట్టుకుంటే?

దయచేసి ఆ పని చేయకండి. ప్రభుత్వ అధికారి నిలిపిన హద్దు గుర్తును ధ్వంసం చేసినా, కదిపినా భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద నేరం. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, తప్పు చోట ఉన్న రాయి కూడా సాక్ష్యమే. అది ఎంత దూరం, ఏ వైపు తప్పిందో తెలిస్తే అసలు చోటు పట్టుకోవడం తేలికవుతుంది. దాన్ని పీకేస్తే మీ వైపు న్యాయం ఉన్నా చూపించుకోవడానికి ఆధారం మిగలదు. సర్వేయర్లు కూడా ఒప్పుకోని రాయిని పీకరు. దాన్ని అలాగే ఉంచి, పటంలో ‘దొరికిన రాయి’ అని చూపించి, లెక్క ప్రకారం వచ్చిన చోటును పక్కన వేరుగా గుర్తిస్తారు.

మా పట్టా భూమి పక్కనే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) రాయి పాతారు. మా హద్దు మారిపోయిందా?

మీ హక్కు హద్దు వేరు, ఎఫ్‌టీఎల్ హద్దు వేరు. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించేది ఎఫ్‌టీఎల్ రాయి. దాని లోపల పట్టా భూమి ఉండొచ్చు, పట్టా పట్టాగానే ఉంటుంది, కానీ కట్టడాలకు వీల్లేదు. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాలకూ 9 మీటర్లే. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీతల గురించి జనం అడగడం బాగా పెరిగింది. మామూలు హద్దు సర్వేలో ఎఫ్‌టీఎల్ రాదు. అందుకే చెరువు దగ్గర ప్లాటు కొనేవాళ్లు ఆ రెండు గీతలనూ ఒకే పటం మీద వేయించుకుని చూడాలి.

మేమిద్దరం ఒప్పుకుని హద్దు మార్చుకుంటే చాలదా?

మీ ఇద్దరి మధ్య శాంతికి చాలు. కానీ మీ తర్వాత కొనేవాళ్లకు, బ్యాంకుకు, మున్సిపాలిటీకి ఆ ఒప్పందం తెలియాలి కదా. డాక్యుమెంట్‌లో కొలత తప్పు పడి ఉంటే సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. భూమి నిజంగానే ఇటు నుంచి అటు మారుతుంటే మార్పిడి దస్తావేజో, ఆ ముక్కకు సేల్ డీడో కావాలి. సర్వే స్కెచ్‌ను దానికి జతచేయండి. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద సంతకాలు పెట్టుకుని బీరువాలో దాచుకుంటే, పిల్లల కాలానికి మళ్లీ మొదటికి వస్తుంది.

సర్వేయర్ ఇచ్చే రిపోర్టులో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి?

అన్నిటికంటే ముఖ్యంగా, కొలత ఏ గుర్తుల నుంచి మొదలైందో రాసి ఉండాలి. అది లేని స్కెచ్ ఎంత రంగురంగులుగా ఉన్నా ఇంకొకరు దాన్ని సరిచూడలేరు. ఏ పత్రాలు చూశారు (టిపన్, సేత్వార్, గ్రామ నక్షా, లేఅవుట్ ప్లాన్, లింకు డాక్యుమెంట్లు), ఏ రాళ్లు దొరికాయి, ఏవి దొరకలేదు, దొరికినవాటిలో దేన్ని ఎందుకు ఒప్పుకోలేదు అన్నది ఉండాలి. డాక్యుమెంట్ కొలత, మోకా కొలత పక్కపక్కన ఉండాలి. ఉత్తర దిక్కు, తేదీ, హాజరైనవాళ్ల సంతకాలు సరేసరి. తేడా ఉన్నచోట ‘తేడా ఉంది’ అని సూటిగా రాసిన సర్వేయర్ మీకు మేలు చేస్తున్నట్టు. అన్నీ అంగుళంతో సహా సరిపోయాయని రాసిస్తే, అందులోనూ పాత భూమికి, మళ్లీ అడగండి.

సర్వే అయిపోయింది. కొత్త రాళ్లు ఎలా పాతించుకోవాలి?

సర్వేయర్ మేకు కొట్టి పోయిన రోజే, రెండు వైపులవాళ్లూ ఉండగానే పాతించండి. వారం ఆగితే మేకు ఉండదు. గ్రానైట్ రాయి వాడండి, కింద కొంత కాంక్రీటు పోయండి. నల్లరేగడి నేలైతే ఎండాకాలం పగిలి, వానాకాలం ఉబ్బుతుంది, రాయి ఒరుగుతుంది, కాబట్టి ఇంకాస్త లోతుకు వెళ్లండి. రాయి మధ్యలో ఉలితో ఒక గుర్తు కొట్టించండి, ఎందుకంటే రాయి మందమే అరడుగు ఉంటే హద్దు దాని ఏ అంచున ఉందని మళ్లీ మొదలవుతుంది.

తర్వాత ప్రతి రాయి నుంచి కదలని మూడు గుర్తులకు దూరం కొలిచి రాసుకోండి: కరెంటు స్తంభం, పక్కింటి పిల్లర్ మూల, కల్వర్టు గోడ, ఏది దగ్గరుంటే అది. ఆ కాగితం ఫోటో తీసి పక్కింటివాళ్లకూ వాట్సాప్‌లో పంపండి. రేపు డ్రైనేజీ పైపు కోసం తవ్వినప్పుడు రాయి పోయినా, ఆ మూడు దూరాలతో అరగంటలో మళ్లీ అదే చోట పెట్టుకోవచ్చు.